కియావరిలో చామంతులు

కాగితం మీద ఆరు పనులున్నాయి.

సముద్రం ఒడ్డున ఒక ఊరు చూసుకుని వారానికి గది తీసుకోవాలి.
రోజుకో ఊరు వెళ్ళి, చీకటి పడేలోపు వెనక్కి రావాలి.
ఒక హోటల్లో రెండోసారి తినకూడదు.
గది ఎక్కడుందో ఎవరికీ చెప్పకూడదు. మనవాళ్ళకి కూడా.
నిక్లా త్రావెర్సో ఎక్కడుందో కనిపెట్టాలి. బతికుండగా.
ఈ కాగితం కాల్చేయాలి.

ఏజెంట్ డేలియో బ్రిన్యార్దెల్లో ఆరో పని ముందు చేశాడు, బాస్ బల్ల మీది యాష్‌ట్రేలోనే.

"చదివావా అసలు?" అన్నాడు బాస్ పిరాస్.

"ఆరు ముక్కలేగా, దొత్తోరే." ఇటలీలో పై అధికారిని మర్యాదగా పిలిచే మాట అది.

జెనోవా రేవు పక్కన, సముద్ర బీమా కంపెనీ బోర్డు వెనక ఉంది ఆ ఆఫీసు. 1983 అక్టోబరు పదిహేను, శనివారం. పిరాస్ సార్డీనియా మనిషి. మాట కూడా తూకం వేసి ఇస్తాడు.

"నిక్లా. ఇరవై ఏడేళ్ళు. లా స్పెట్సియాలో సబ్‌మెరైన్ ప్లాన్లు గీసే పని. ప్లాన్ల కాపీలు విదేశానికి పోతున్నాయని మనకి ఉత్తరం రాసింది. పంపుతున్నది ఎవరో ఎదురుగా చెప్తానంది. మంగళవారం నుంచి మనిషి లేదు."

"చంపేశారా?"

"మనకి ఎంత చెప్పిందో రాబట్టాలి కదా. రేపు కాదు, వచ్చే ఆదివారం పడవలో దేశం దాటిస్తారు. లోపలి మనిషి కబురు."

"ఎక్కడి నుంచి?"

"అదే తెలీదు. ఆమెని పట్టుకెళ్ళిన ముఠావాళ్ళు ఓ రోజు కమోలిలో కనపడతారు, ఓ రోజు మొంతెరోస్సోలో, నిన్న పోర్తోవేనెరెలో. రాత్రికి ఎక్కడా ఉండరు."

డేలియో కొంచెంసేపు గోడ మీది మ్యాపు చూశాడు. "పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేవాడికి మకాం ఒకటి ఉంటుంది, దొత్తోరే. ఈ తీరంలో మంచి మకాం ఏదని టూరిస్టు ఎలా వెతుకుతాడో నేనూ అలాగే వెతుకుతాను."

డేలియోకి యాభై రెండేళ్ళు. ఈసారి వేషం రిటైరైన భూగోళం మాస్టారు. 'తీరమంతా చూడాలంటే ఎక్కడ దిగాలి' అని గైడు పుస్తకం రాస్తున్న మాస్టారు. నోట్‌బుక్కు, గొడుగు, ట్రాన్స్‌మిటర్ దాచిన పెన్ను. తుపాకీ లేదు.

నోట్‌బుక్కులో రాత నిజంగానే రాశాడు. వెర్నాత్సా: అన్నీ మెట్లే, పెట్టె మోయలేం, సముద్రం పొంగితే పడవలుండవు. పోర్తోఫీనో: రైలే లేదు. లా స్పెట్సియా: నేవీ కళ్ళు ఎక్కువ. లేవాంతో: ఫరవాలేదు, కానీ వేసవి అయిపోతే ఊరు ఖాళీ, కొత్త మొహం ఇట్టే తెలుస్తుంది. కియావరి: ఎక్స్‌ప్రెస్ బళ్ళు ఆగుతాయి, స్టేషను సముద్రానికి ఆనుకునే ఉంటుంది, చిన్న హార్బరు, ఊరంతా ఆర్కేడ్లు, అంటే పైకప్పున్న నడవలు. గొడుగు లేకుండా, మొహం ఎవరికీ చూపకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు నడవొచ్చు.

ఆదివారం కియావరిలో గది తీసుకున్నాడు. ఇంటావిడ సిన్యోరా ఒర్సొలా, విధవ. తన ఇంటితోపాటు పెరటి వెనక భవనం మెట్లు కూడా తుడుస్తుంది. అక్కడివాళ్ళ ఉత్తరాలు, గొడవలు, జబ్బులు అన్నీ ఆవిడ చేతుల మీదుగానే పోతాయి. డేలియో ఆవిడతో పొద్దున నమస్కారం, సాయంత్రం నమస్కారం తప్ప మాట్లాడలేదు. వేషంలో ఉన్న మనిషి ఎక్కువ మాట్లాడకూడదు.

రోజుకో ఊరు తిరిగాడు. రోజుకో హోటలు. ప్రతిచోటా వెయిటర్ అదే మాట: "ఒక్కరేనా?" అని, రెండో ప్లేటు, రెండో గ్లాసు తీసుకుపోయేవాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎన్ని ప్లేట్లు అలా పోయాయో. పెళ్ళయిన కొత్తలో భార్యకి ఏ ఊరు వెళ్తున్నాడో చెప్పేవాడు కాదు. తరవాత ఆవిడ అడగడం మానేసింది. ఆ తరవాత ఆవిడే వేరే ఊరు వెళ్ళిపోయింది.

సోమవారం సెస్త్రి స్టేషనులో ఒకావిడ వచ్చి పక్కన నిలబడింది. ఆకుపచ్చ తోలు గ్లవ్స్, జుట్టులోకి ఎగదోసిన నల్లద్దాలు. ప్లాట్‌ఫాం మీద ఉన్న మగవాళ్ళంతా ఒక్కసారి టై సర్దుకున్నారు.

"ఈ బండి మొనేల్యాలో ఆగుతుందాండీ?"

"ఆగుతుంది. కాకపోతే సగం పెట్టెలు సొరంగంలోనే ఉంటాయి."

కోడ్ కుదిరింది. లీవియా మొరాందిన్. ట్రెవిజో మనిషి. ముఠాలో ఉంటూ పిరాస్‌కి కబుర్లు అందించే డబుల్ ఏజెంట్. మణికట్టు గడియారాన్ని లోపలి వైపు తిప్పి పెట్టుకునే అలవాటు. టైము చూడాలంటే అరచెయ్యి ఆకాశానికి తిప్పుతుంది, ఎవరినో ఏదో అడుగుతున్నట్టు.

"మకాం లేవాంతోలో ఉండొచ్చు," అంది. "నాకూ చూపించరు. కళ్ళకి గంతలు కట్టి తీసుకెళ్తారు. అక్కడే వెతకండి."

డేలియో రోజుకో ఊరన్న మాట పక్కన పెట్టి మంగళ, బుధవారాలు లేవాంతోలో వెతికాడు. ఏమీ దొరకలేదు. లీవియా మాత్రం రోజూ ఏదో ఒక స్టేషనులో ఎదురయ్యేది, ఓ కాఫీ తాగేంతసేపు ఉండేది. గురువారం కమోలిలో వాన. పడవలు కట్టేసి ఉన్నాయి. కాఫీ బల్ల దగ్గర ఆవిడ గ్లవ్స్ తీసి, చలికి చేతులు రుద్దుకుంది.

"నువ్వెక్కడ దిగావు, డేలియో? ఇంత చలిలో నీ గదిలో హీటరైనా ఉందా?"

బాస్ తప్ప తనని 'నువ్వు' అనే మనిషి ఇంకెవరూ మిగల్లేదని డేలియోకి ఆ క్షణంలో తట్టింది. వీధి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. కాఫీతో కలిపి మింగేశాడు.

"ఉంది," అన్నాడు. "పనిచెయ్యదు."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు కోసం, మర్నాడు పొద్దున సెస్త్రి స్టేషనుకి అవసరం లేకపోయినా వెళ్ళాడు. ఆవిడ రాలేదు. మధ్యాహ్నం నాలుగు దాకా చూసి, తన మీద తనకే సిగ్గేసి, గదికి తిరిగొచ్చాడు.

వంటింట్లో ఒర్సొలా ఏడుస్తోంది. గుమ్మం అవతల, మెట్ల మీద, ఒక మట్టి కుండీ. నిండా పచ్చ చామంతులు. విరగబూసి ఉన్నాయి.

డేలియో ఆగిపోయాడు. కీడు తగలకుండా ఇనుము ముట్టుకోవడం అక్కడివాళ్ళ అలవాటు; చెయ్యి దానంతటదే జేబులోకి పోయి ఇనప తాళంచెవిని ముట్టుకుంది.

"ఎవరు పోయారు, సిన్యోరా?"

"ఇంకా ఎవరూ పోలేదు ప్రొఫెసరుగారూ, నేనే పోవాలని చూస్తున్నారు! ఇవాళ సెయింట్ ఒర్సొలా రోజా, నా పేరు పండుగా? చెల్లెలు బాదం బిస్కెట్లు తెచ్చింది, ఫాదర్ గారు కబురు చేశారు. వెనక భవనం మూడో అంతస్తు మహారాణి ఏం తెచ్చింది? అది! చేతిలో పెట్టి, బుగ్గ మీద ముద్దు కూడా పెట్టింది! సమాధుల పండుగకి ఇంకా పన్నెండు రోజులుందే, నన్ను ఇప్పుడే పూడ్చేసిందే!"

"కొత్తగా వచ్చిన విదేశీయులేమో. వాళ్ళకి తెలీదు."

"ఏం విదేశం? ట్రెవిజో! తనే చెప్పింది. ట్రెవిజోలో మనుషులు చావరా? సమాధుల మీద ఏం పెడతారట, గుమ్మడికాయలా?"

డేలియో నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఎలా ఉంటుంది ఆవిడ?"

"ఉంటుంది పటంలోకి ఎక్కించినట్టు. ఆకుపచ్చ గ్లవ్స్. గడియారం మణికట్టు లోపలికి తిప్పి పెట్టుకుంటుంది, టైము కూడా ఎవరికీ పెట్టదు పిసినారి!"

నాలుగు రోజుల కాఫీలు ఒక్కసారి చేదయ్యాయి. ఇటలీలో పుట్టి పెరిగిన ఆడమనిషి ఎవరూ, ఎంత శత్రువుకైనా, పేరు పండుగకి సమాధుల మీద పెట్టే చామంతులు పట్టుకెళ్ళదు. మొరాందిన్ ట్రెవిజో మనిషి కాదు. ఇటలీ మనిషే కాదు. ఆవిడ చెప్పిన లేవాంతో అబద్ధం. అంటే ఆదివారం కూడా అబద్ధమే.

"ఆ ఇంట్లో ఇంకెవరున్నారు, సిన్యోరా?"

"మేనకోడలట, పాపం ఏదో జబ్బు. పది రోజులైంది కిటికీ తెరిచి. ఓ మగ నర్సు, ఎద్దులా ఉంటాడు. ఇవాళ ఐదింటికి పడవలో గాలి మార్పుకి తీసుకుపోతున్నారట. వెళ్ళొస్తాం అని చెప్పడానికేగా నాకీ శ్రాద్ధం!"

గోడ గడియారం: నాలుగూ ముప్పై ఐదు.

పెన్నులోని ట్రాన్స్‌మిటర్ ఆ మందపాటి గోడల మధ్య గుర్రుమనడం తప్ప ఏమీ చెయ్యలేదు. నడవలో ఉన్న టెలిఫోను తీశాడు.

"దొత్తోరే. మకాం కియావరి. మా పెరటి వెనక. మొరాందిన్ మనది కాదు."

"రుజువు?"

"చామంతులు. బతికున్న మనిషికి, పేరు పండుగకి."

పిరాస్ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. "మా కార్లకి నలభై నిమిషాలు."

"నాకు ఇరవై ఐదున్నాయి. ఇక్కడి పోలీసులు?"

"ఆవిడ దగ్గర మన కార్డుంది. చూపిస్తే సెల్యూట్ కొట్టి దారిస్తారు. నేను వాళ్ళ కెప్టెన్‌ని పట్టుకుని మాట్లాడాలి. అప్పటిదాకా ఆపు."

"ఎలా?"

"నీ ఇష్టం. తుపాకీ మాత్రం వద్దు."

"లేదు కూడా."

ఫోను పెట్టి వంటింట్లోకి వచ్చాడు. "సిన్యోరా, ఆ కుండీ తిరిగిచ్చేయాలని లేదూ?"

"లేకేం! నెత్తిన పెట్టాలనుంది. కానీ గొప్పింటి మనిషి, నేను మెట్లు తుడిచేదాన్ని..."

"మీ వెనక నేనుంటాను."

ఒర్సొలా కళ్ళు తుడుచుకుంది. "అందరి ముందా?"

"అందరి ముందే."

దుకాణాలు మధ్యాహ్నం విరామం ముగించి తెరిచే వేళ. ఆర్కేడ్ల కింద ఊరు ఊరంతా ఉంది. ఆ జనం మధ్యలోంచి చక్రాల కుర్చీ వస్తోంది. తోస్తున్నది ఎద్దులాంటి నర్సు. పక్కన ఆకుపచ్చ గ్లవ్స్. కుర్చీలో మెడ వాల్చేసిన పిల్ల, గడ్డం దాకా దుప్పటి. హార్బరు రెండు వందల గజాలు.

ఒర్సొలా అడ్డంగా నిలబడింది.

"ఏమ్మా మహారాణీ! నా పేరు పండుగకి చామంతులిస్తావా? ఎవరి చావు కోరుకున్నావే?"

వీధి ఆగింది. మాంసం కొట్టతను కత్తి కింద పెట్టాడు. ఒక ముసలావిడ శిలువ గుర్తు వేసుకుంది. నలుగురు మగవాళ్ళు జేబుల్లో తాళాలు తడుముకున్నారు.

లీవియా జనంలో డేలియోని చూసింది. మొహం మారలేదు. ఒర్సొలా వైపు తిరిగి మెత్తగా అంది: "ఏమైందండీ? పూలేగా?"

ఆ రెండు ముక్కలతో అయిపోయింది. "పూలేగా, అంటుందే!" అంది ఒకావిడ. "చామంతులట, పూలట!" అంది ఇంకొకావిడ. కూరగాయల సంచులు దగ్గరకు జరిగాయి. కుర్చీ ముందుకు కదలడానికి దారి లేదు, వెనక్కి కదలడానికీ లేదు.

"నీ పూలు నువ్వే పెట్టుకో!" అంటూ ఒర్సొలా కుండీని కుర్చీ మీద పెట్టబోయి, పిల్ల మొహం చూసి ఆగింది. "ఓరి దేవుడా... మైనంలా ఉంది. నర్సూ, ఈ పిల్లకి ఊపిరి ఆడుతోందా? లేక ఈ పిల్ల కోసమే కొన్నారా ఇవి?"

"డాక్టర్ని పిలవండి!"

"ఫార్మసీ ఆయన్ని పిలవండి, ఇక్కడే ఉన్నాడు!"

తెల్ల కోటు ఆయన వచ్చేశాడు. నర్సు చెయ్యి కోటు లోపలికి పోయింది. డేలియో అతని పక్కన నిలబడి, దారి చెబుతున్న గొంతుతో అన్నాడు: "ఇక్కడ అరవై మంది ఉన్నారు. ఎంతమందిని కాలుస్తావు?"

చెయ్యి లోపలే ఉండిపోయింది. బయటికి రాలేదు.

ఫార్మసీ ఆయన కనురెప్ప ఎత్తి చూశాడు. "ఇది జబ్బు కాదు. మత్తు ఎక్కించారు."

హార్బరులో పడవ కూత వేసింది. ఒకసారి. రెండోసారి. నాలుగూ యాభై ఎనిమిది. మూడో కూతకి ఆర్కేడ్ చివర జీపు ఆగింది. కెప్టెన్ దిగి, మొరాందిన్ చాపిన కార్డు తీసుకుని, చదవకుండానే జేబులో వేసుకున్నాడు.

సంకెళ్ళు వేస్తుంటే ఆవిడ డేలియోని అడిగింది. "ఏమిటి తప్పు?"

"చామంతులు సమాధులకే పెడతారు ఇక్కడ."

"ఇరవై ఏళ్ళున్నానిక్కడ." గడియారం ఉన్న చేతిని తిప్పి చూసుకుంది. "ఎవరూ చెప్పలేదే."

"చెప్పరు. నవంబరు రెండున ఇంట్లోవాళ్ళతో సమాధుల దగ్గరికి వెళ్తే తెలుస్తుంది."

"ఈ దేశంలో నాకు చచ్చిపోయినవాళ్ళు ఎవరూ లేరు, డేలియో," అంది. అబద్ధం కాని మాట ఆవిడ నోట అదొక్కటే విన్నాడేమో. డేలియో తన అమ్మానాన్నల సమాధి దగ్గరికి ఆఖరిసారి ఎప్పుడు వెళ్ళాడో లెక్కపెట్టుకుంటున్నాడు. లెక్క తేలలేదు.

శనివారం పొద్దున ఆసుపత్రిలో నిక్లా కళ్ళు తెరిచి, నీళ్ళు తాగి, ప్లాన్లు అమ్ముతున్న మనిషి పేరు చెప్పింది. ముఠా మొత్తం దొరికింది.

పిరాస్ ఫోనులో అభినందనలు చెప్పలేదు. "ఆ గైడు పుస్తకం ఏమైంది? మా ఆవిడ అడుగుతోంది, తీరమంతా చూడాలంటే ఎక్కడ దిగాలట?"

"కియావరిలోనే దిగమనండి, దొత్తోరే. అన్ని ఊళ్ళకీ దగ్గర. మనుషులే కొంచెం దూరం, పేరు పండుగకి ఏం తీసుకెళ్ళాలో తెలిసేదాకా."

నిక్లాకి ఇప్పుడు వేరే ఊరు, వేరే పేరు. అవి ఇక్కడ రాయకూడదు. పాత పేరు ఆఫీసు రిజిస్టర్లోంచి, ఊరి రికార్డులోంచి కొట్టేశారు. మిగిలింది ఒక్కచోటే, ఆమె రాసిన ఉత్తరం కింద. అలాంటి ఉత్తరాలకి ఎవరూ సంతకం పెట్టరు. ఆమె ఇంటిపేరుతో సహా, అక్షరాలు విడివిడిగా, ప్లాను కింద రాసినంత జాగ్రత్తగా పెట్టింది. ఆ పేరుతో ఆమెను పిలిచేవాళ్ళు ఇప్పుడు భూమ్మీద ఎవరూ లేరు. ఇది చదివిన మీరైనా గుర్తుంచుకోండి. ఆమె పేరు నిక్లా త్రావెర్సో.