రాణి మాట్లాడని ముగింపు

దర్శకుడు లోపలికి వస్తూనే చంకలోని దినపత్రికల కట్టను బల్ల మీద పడేశాడు. గడ్డం మాసి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఎవరో నా నాటకాన్ని చంపేశారు. వాళ్ళెవరో నాకు తెలియాలి” అన్నాడు.

పిన్ని కళ్ళజోడు సవరించుకుని పైనున్న పత్రిక అందుకుంది. ఆ డిటెక్టివ్ ఆఫీసుకు యజమానీ ఆమే, పరిశోధకురాలూ ఆమే. సహాయకుడు ఆమె అక్క కొడుకు. అతను పిన్నీ అని పిలవడం విని, వచ్చే పోయే వాళ్ళకు కూడా ఆ పిలుపే అలవాటైపోయింది.

“ఇందులో మిమ్మల్ని ఆకాశానికెత్తేశారే” అంది.

“అదేనండీ నా ఏడుపు.”

సంగతంతా చెప్పుకొచ్చాడు. అందరికీ తెలిసిన పాత నాటకమే. రాజు అనుమానిస్తే రాణి ఎదురు చెప్పకుండా విషం తాగుతుంది. తరతరాలుగా జనం ఆ చోట ఏడుస్తున్నారు. ఇతను దాన్ని తిరగరాశాడు. ఇతని రాణి విషం తాగదు. రాజు గంట కొట్టి బయటికి వెళ్ళగానే గిన్నె విసిరికొట్టి, ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా కడిగేస్తుంది. ఆ ప్రసంగం కోసమే మిగతా నాటకమంతా.

“మొదటి ప్రదర్శనలో గంట మోగలేదు. రాణి చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత గిన్నె నేల మీద పెట్టి, మెట్లు దిగి, జనం మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నా ప్రసంగంలో ఒక్క మాట పలకలేదు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు. విమర్శకుల మధ్య ఇరుక్కుపోయాను. అరవలేను, ఊరుకోలేను.”

“రాణి వేషం ఎవరు?”

“మా ఆవిడే. గంట వినపడక కంగారులో ఏం చేశానో నాకే తెలీదంటోంది.”

“గంట కొట్టాల్సింది?”

“మహారాజు. అందరూ అలాగే పిలుస్తారు లెండి. జీవితమంతా పాత నాటకంలో రాజు వేషం వేసిన పెద్దాయన. నా రాత చూస్తే మొదట్నుంచీ ఒళ్ళుమంట. వెళ్ళి చూస్తే గంట నాలుకకు గుడ్డ చుట్టి ఉంది. ఆయనేనని మీరు తేల్చండి, రేపే గెంటేస్తాను.”

పిన్ని తాపీగా పత్రిక చదివింది. “‘మెట్లు దిగుతున్న ఆ పాదాలే మాట్లాడాయి. చీకటి హాల్లో ఆమె ముందు సన్నని వెలుగుదారి పరుచుకుంది. రాణి చేత నోరు విప్పించకుండానే ఇంత చెప్పించిన దర్శకుడి ధైర్యానికి జోహార్లు.’”

ధైర్యం అన్న మాట దగ్గర దర్శకుడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు పిన్ని అడిగిన ప్రసంగం కాగితాలూ, నాటకం పోస్టరూ ఇచ్చి వెళ్ళాడు. పోస్టరులో రాణి పట్టుబట్టల అంచు పాదాలను కప్పేసి, వెనకాల నేల మీద జీరాడుతోంది.

“తేలిక కేసే. రాజుగారే” అన్నాడు సహాయకుడు.

“నీకన్నీ తేలికే” అంది పిన్ని, చెప్పులు తొడుక్కుంటూ.

నాటకశాలలో మహారాజు అద్దం ముందు కూర్చుని కిరీటానికి ఊడిన పూసలు అతికిస్తున్నాడు.

“తాడు లాగారా?” అంది పిన్ని.

“లాగానమ్మా. ఖంగుమనాల్సింది దబ్బుమంది. అప్పటికే బయటికి వచ్చేశాను, మళ్ళీ లోపలికెలా పోను?”

“కొత్త నాటకం మీకు గిట్టదట.”

“గిట్టదు. ఆ మాట మొహం మీదే చెప్తాను, గుడ్డలు చుట్టను. ఆ ఉపన్యాసం వద్దురా నాయనా అని రిహార్సల్లో రోజూ మొత్తుకున్నాను. రాణమ్మ అయితే బతిమాలింది. వింటేగా.”

వేదిక ముందు కొయ్య మెట్లు ఉన్నాయి. సహాయకుడు జరపబోతే కదల్లేదు. సన్మానాలప్పుడు తప్ప వాటిని గోదాములోంచి తీయరనీ, ఇద్దరు పడితేగానీ లేవవనీ మహారాజే చెప్పాడు.

దీపాలు చూసేది రాణి తమ్ముడు, అంటే దర్శకుడికి బావమరిది. బాల్కనీలో తీగలు చుడుతున్నాడు.

“మీ అక్క దిగి వెళ్తుంటే వెలుగు ఎలా వచ్చింది?”

“ఏం చెయ్యనండీ, అక్క చీకట్లో పడుతుందేమోనని ఉన్న దీపాన్నే అటు తిప్పాను.”

“ఏ దీపం?”

అతను రెయిలింగు చివరనున్నది చూపించాడు. అది హాలు నడవకు గురిపెట్టి ఉంది. సహాయకుడు దాన్ని తిప్పబోయాడు. బోల్టులు బిగించి ఉన్నాయి, వెంట్రుకవాసి జరగలేదు. బావమరిది తల వంచుకుని తీగలు చుట్టడంలో పడ్డాడు.

రాణి మాత్రం దర్శకుడికి చెప్పిన ముక్కే మళ్ళీ చెప్పి, ఇక అడగొద్దన్నట్టు లేచి వెళ్ళిపోయింది.

తిరుగు దారిలో బస్సులో సహాయకుడు ప్రసంగం పైకి చదివాడు. “‘నీ అడుగుల చప్పుడు విని ఆ పూట నీ కోపం ఎంతో తెలుసుకునేదాన్ని. చల్లారిన భోజనం రెండోసారి వేడి చేసి, గొళ్ళెం తీసి, ఏమీ జరగనట్టు పక్కకు తప్పుకునేదాన్ని.’” అతను కాగితం దించాడు. “బాగుంది పిన్నీ. కానీ ఎక్కడో తేడా కొడుతోంది.”

“ఎక్కడ?”

“అదే తెలీడం లేదు.”

“మళ్ళీ చదువు.”

మళ్ళీ చదివాడు, మరోసారి చదివాడు. అంతు చిక్కక విసుగొచ్చి కాగితాలు మడిచేశాడు. పిన్ని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తెలిసీ చెప్పని మనిషి పక్కన కూర్చోవడం అంత చిరాకు మరోటి లేదనిపించింది అతనికి.

మర్నాడు పిన్ని అందర్నీ వేదిక మీదికి పిలిపించింది. మహారాజు కుర్చీలో కూర్చున్నాడు. అక్కాతమ్ముళ్ళు ఒక పక్కన నిలబడ్డారు. దర్శకుడు అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు.

“నాటకాన్ని పాడు చెయ్యాలనే గంటకు గుడ్డ చుట్టారని మీ లెక్క. పాడు చేసేవాళ్ళు దారికి దీపం పెట్టరు” అని మొదలుపెట్టింది. “ఆ దీపం అప్పటికప్పుడు తిరిగేది కాదు, ముందే బిగించినది. కొయ్య మెట్లు వాటంతటవి నడిచి రాలేదు. ఇక విమర్శకుడికి రాణి పాదాలు ఎలా కనపడ్డాయి? పోస్టరులో అంచు నేల మీద ఉంది. మెట్ల మీద కాలికి అడ్డు పడకుండా ముందే ఎత్తి కుట్టుకున్నారు. కంగారులో వెళ్ళిపోయిన మనిషికి ఇన్ని ఏర్పాట్లు ఉండవు. మహారాజుగారికి కోపముంటే ఉండొచ్చు, ఆమె బట్టల అంచు కుట్టేటంత చనువు లేదు.”

దర్శకుడి నడక ఆగిపోయింది. భార్య వైపు చూశాడు.

“ఎవరు చేశారో చెప్పాను. ప్రసంగం చదివాక ఎందుకో కూడా తెలిసింది. చుట్టూ దాసీలున్న రాణి గొళ్ళెం తానే తీస్తుందా? చల్లారిన భోజనం తానే వేడి చేస్తుందా? ఇంతకు మించి చెప్పే హక్కు నాకు లేదు” అని పిన్ని కూర్చుంది.

సహాయకుడికి ముందురోజటి తేడా ఏమిటో అప్పుడు బోధపడింది.

రాణి మెల్లగా అంది, “అవి నా మాటలు. పోయిన ఏడాది మా వంటింట్లో ఏడుస్తూ అన్నవి. ఈయన వింటున్నారనుకున్నాను. గుర్తుపెట్టుకుంటున్నారు, రాసుకోడానికి.”

తమ్ముడు ఆమెకు దగ్గరగా జరిగాడు.

“తీసెయ్యమన్నాను. నాటకానికి ప్రాణం అదే అన్నారు. వేరే నటిని చూసుకోమన్నాను. నీ అంత బాగా ఎవరూ చెప్పలేరన్నారు. గంట మోగితే అలవాటు కొద్దీ నోరు దానంతటదే తెరుచుకుంటుందని భయమేసింది. అందుకే చుట్టాను. తమ్ముణ్ణి నేనే లాగాను, వాణ్ణేమీ అనకండి.”

“నాకు ఒక్క మాట చెప్పి ఉంటే” అన్నాడు దర్శకుడు.

“చెప్పింది. నా ఎదురుగానే చెప్పింది” అన్నాడు మహారాజు.

దర్శకుడు ఆయన వైపు తిరిగి చేతులు జోడించాడు.

ఆ మధ్యాహ్నమే పెద్ద పత్రిక విమర్శకుడు ఇంటర్వ్యూకి వచ్చాడు. మౌనంతో ముగించాలన్న ఆలోచన ఎలా వచ్చిందని అడిగాడు. దర్శకుడు దాపరికం లేకుండా చెప్పాడు. ఆ ముగింపు తనది కాదని, తాను రాసినది అక్కడ ఉండకూడనిదని, భార్య తనకు తెలియకుండా మార్చేసిందని. విమర్శకుడు చిరునవ్వుతో తల ఊపుతూ రాసుకున్నాడు.

మర్నాడు పత్రికలో పెద్దక్షరాలతో పడింది. ‘విజయాన్ని అర్ధాంగికి అంకితమిచ్చిన దర్శకుడి వినయం.’

సహాయకుడు దాన్ని ఉండ చుట్టి మూలకు విసిరాడు. “నిజం చెప్పినా వినరేమిటి పిన్నీ?”

“దొంగను పట్టమంటే పడతాను గానీ, దీనికి నా దగ్గర మందు లేదు” అంది పిన్ని, చల్లారిన కాఫీ పక్కకు నెట్టేస్తూ.

ఆ వారంలోనే తమ ఆఫీసు ప్రకటన ఇవ్వడానికి సహాయకుడు ఆ పత్రిక కార్యాలయానికి వెళ్ళాడు. వరండా బెంచీ మీద దర్శకుడు కూర్చుని ఉన్నాడు. సవరణ వేసేదాకా రోజూ వస్తానని సంపాదకుడికి చెప్పాడట. ఆ ఉదయం వేశారు కూడా. లోపలి పేజీలో, నీటి పంపుల ప్రకటన కింద, రెండే రెండు వరుసలు. అందులో ఆవిడ పేరు తప్పు పడింది.

“అందుకే మళ్ళీ వచ్చాను” అన్నాడు దర్శకుడు.

గుమాస్తా గాజు తలుపులోంచి చూసి, ఇంకా ఉన్నాడన్నట్టు నిట్టూర్చి మొహం తిప్పుకున్నాడు.

అంతలో రాణి మెట్లెక్కి వచ్చింది. భర్త చేతిలో నలిగిపోయిన పత్రిక చూసింది. నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. బెంచీ మీద రెండో మనిషికి చోటు లేకుండా అతని సంచీ, గొడుగు పరిచి ఉన్నాయి.

“కాస్త జరగండి” అని సంచీ ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది.