ఇంటావిడ బొమ్మ

పొద్దున్నే ఆమె కూతురి బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని బొగ్గు పెన్సిళ్లు చెక్కుకుంటున్నాడు. సైన్యం నుంచి వచ్చేసి ఏడాది కాకుండానే బొమ్మల కాలేజీలో చేరాడాయన. క్లాసులో పిల్లలు 'కెప్టెన్ గారూ' అంటారు. అంత హోదా ఆయనకెప్పుడూ లేదు.

"అమ్మా, నాన్న బొమ్మలన్నీ సిపాయిలే!" కాగితాలు తిరగేస్తూ నవ్వింది కూతురు. "ఇదిగో, ఒకాయన బూటు విప్పుతూనే నిద్రపోయాడు!"

అంతలో ఒక కాగితం దగ్గర ఆగిపోయింది. జడ ఉంది, మెడ ఉంది, భుజాలున్నాయి. ముఖం లేదు.

"ఇదెవరు నాన్నా?"

"మీ అమ్మ. ఇంట్లోవాళ్లని చూడకుండా గీసుకురమ్మన్నారు కాలేజీలో మేడమ్," అన్నాడాయన తలెత్తకుండా.

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. కూతురు ఇద్దరినీ చూసి, బస్సుకి టైమైందంటూ మెల్లగా జారుకుంది.

"చనిపోయిన సిపాయిల ముఖాలు కూడా గుర్తున్నాయి. నాది గుర్తులేదా?"

"అది కాదే..."

"ఏది కాదు? ఇన్నేళ్లూ మీకోసం చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. వచ్చారనుకున్నాను. మనిషి ఇక్కడ, మనసు అక్కడ. నిద్రలో కూడా వాళ్లనే పిలుస్తారు. నన్ను ఒక్కసారైనా పిలిచారా?"

ఆయన సిపాయిల బొమ్మలన్నీ ఒక దొంతరగా సర్దాడు.

"అక్కడుంటే ఇల్లు గుర్తొచ్చేది. ఇక్కడికొచ్చాక వాళ్లు గుర్తొస్తున్నారు. గీస్తుంటే కాస్త ఊపిరాడుతోంది."

"మరి నేను?"

"సెలవుకొచ్చినప్పుడల్లా నిన్ను తేరిపార చూసేవాణ్ని కాదు. చూస్తే మళ్లీ రైలెక్కలేనని భయం. నిన్న గీద్దామని కళ్లు మూసుకుంటే, పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడ్డ నువ్వే కనిపించావు."

"మీరు బయల్దేరేటప్పుడు కావాలనే అటు తిరిగేదాన్ని. నా ఏడుపు చూస్తే మీకు కాళ్లాడవని."

ఆయన లేచి కిటికీ పక్కకి కుర్చీ జరిపాడు. "ఇలా కూర్చో."

"చూడకుండా గీయమన్నారుగా?"

"మార్కులు పోతే పోనీ."

ఆమె కూర్చుంది. ఆయన చూస్తున్నాడు. సిగ్గేసి ఆమె కళ్లు దించుకుంది.

"ఇటు చూడు," అన్నాడు. కాసేపటికి ఆయన చెయ్యి ఆగింది. "గడ్డం కింద ఈ మచ్చ ఎప్పటిది?"

"మీరు లేనప్పటిది."

ఆయన పెన్సిలు కింద పెట్టేసి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"చెప్పు," అన్నాడు.