చేతులకో తలుపు

పొద్దున టీ కప్పులు బల్ల మీదికి రాకముందే బుల్లి హాల్లో టీవీ పక్కన తన చోట్లో కూర్చుంది. ఫోను పూలకుండీకి ఆనించి, చేతులు రెండూ ఖాళీగా ఉంచుకుంది. ఇంట్లో వీడియో కాల్ ఆగకుండా నడిచేది ఆ ఒక్క చోటే. ఆమె గది దాకా వైఫై వచ్చేది కాదు. దారిలో నాయనమ్మ ఇనుప బీరువా అడ్డంగా నిలబడి ఉండేది.

వేరే ఇళ్లలో సిగ్నల్ సరిగ్గా లేకపోతే మాట తెగిపోతుంది. ఇక్కడ చెయ్యి గాల్లో ఆగిపోతుంది. బుల్లికి పుట్టుకతోనే వినబడదు. ఆమె మాటలన్నీ చేతుల్లోనే. ఆ భాష ఇంటిల్లిపాదికీ వచ్చు. తండ్రి పట్టుబట్టి నేర్చుకున్నాడు. తల్లి ఒక చేత్తో కూర కలుపుతూ రెండో చేత్తో మాట్లాడగలదు. ముసలితనంలో నేర్చుకున్న నాయనమ్మ ఎక్కువగా తిట్టడానికే వాడుతుంది.

ఇంత ముచ్చటైన ఇంట్లో ఒక తిరకాసు ఉంది. బుల్లి ఫోన్లో ఎవరితో ఏం చెప్పినా హాల్లో ఉన్నవాళ్లందరికీ కనిపించేది. అది చాటుగా వినడమేనని ఎవరికీ తట్టలేదు. తండ్రి పేపరు అంచు మీదుగా చూసేవాడు. నాయనమ్మ అయితే సీరియల్ వదిలేసి మరీ చూసేది. అర్థం కాకపోతే మనవరాలి భుజం తట్టి, మళ్లీ చెప్పమని అడిగిన రోజులు కూడా ఉన్నాయి.

గదిలో సిగ్నల్ కావాలని బుల్లి ఎప్పటినుంచో అడుగుతోంది. పోరు పడలేక తండ్రి సిగ్నల్‌ని ముందుకు పంపే చిన్న ఎక్స్‌టెండర్ ఒకటి కొన్నాడు. దాన్ని సిగ్నల్ ఉన్న చోటికీ లేని చోటికీ మధ్యలో పెట్టాలని ఇంటర్నెట్ కనెక్షన్ ఆఫీసు వాళ్లు చెప్పారు, దాని పెట్టె మీదా రాసి ఉంది. ఆయన తీసుకెళ్లి బొత్తిగా సిగ్నల్ లేని గదిలోనే పెట్టాడు. అందుకోవడానికి ఏమీ లేక అది ఎర్ర దీపం వేసుకుని కూర్చుంది. పనికిరాని సరుకని సొరుగులో పడేశాడు. కూతురు గదిలోకి వెళ్లిపోతే ఆమె కబుర్లేవీ తనకి తెలియవేమో అన్న బెంగ ఆయనకి లోపల ఎక్కడో ఉంది. ఆ సంగతి తనతో తాను కూడా ఒప్పుకోలేదు.

బుల్లి పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తుంది. ఆ పుస్తకాలు అచ్చు వేసే ప్రెస్సులో పనిచేసే అబ్బాయి ఆమెని పెళ్లి చేసుకుంటానని అడిగాడు. ఏమీ తేల్చుకోలేక, ఆ మాట ఫోన్లో స్నేహితురాలితో చెప్పుకుంది. ఆ రోజు జాగ్రత్తగా హాలు వైపు వీపు పెట్టి కూర్చుంది కానీ, ఎదురుగా షోకేసు అద్దం ఉందన్నది మర్చిపోయింది.

తండ్రిది కళ్లజోళ్ల కొట్టు. మర్నాడే ఆ ప్రెస్సుకి వెళ్లి, పనివాళ్లందరికీ ఉచితంగా కళ్లు పరీక్ష చేస్తానన్నాడు. ఆ అబ్బాయి వంతు వచ్చింది. అతనికీ వినబడదు. బోర్డు మీది అక్షరాలని అతను చేతులతో చూపిస్తుంటే, ఈయన అలవాటు కొద్దీ చేతులతోనే బదులిచ్చాడు. ఆపైన నోరు కట్టుకోగలిగాడు గానీ చేతులు కట్టుకోలేకపోయాడు. మా అమ్మాయిని బాగా చూసుకుంటావా అని అడిగేశాడు.

ఈ పొద్దున ఫోన్లో ఆ అబ్బాయి అదే చెప్పాడు. బుల్లి చేతులు ఆగిపోయాయి. సిగ్నల్ పోయిందేమోనని అందరూ అనుకున్నారు. ఆమె ఫోను బోర్లించి తండ్రి వైపు తిరిగింది.

"ప్రెస్సుకి ఎందుకెళ్లావు నాన్నా?"

"కళ్లు చూడ్డానికమ్మా. నా పనే అది కదా."

"నేనింకా అతనికి ఏ జవాబూ చెప్పలేదు. నేను చెప్పాల్సిన మాట నువ్వెళ్లి చెప్పేసి వచ్చావు."

తానేమీ దొంగచాటుగా వినలేదని, కళ్లెదుట చెబితే కనిపించిందని తండ్రి అన్నాడు. కళ్లకి గంతలు కట్టుకోమంటావా అని కూడా అన్నాడు. తల్లి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బుల్లి చేతులు ఇద్దరి వైపూ తిరిగాయి.

"మీరు తలుపేసుకుని మాట్లాడుకుంటారు. గుసగుసలాడుకుంటారు. నా మాటలు మాత్రం ఆరేసిన బట్టల్లా అందరికీ కనిపించాలా? నా చేతులకీ ఒక తలుపు కావాలి నాన్నా."

నీ మంచికోసమేనంటూ ఆయన ఏదో చెప్పబోయాడు. గొడవ ఎంత పెద్దదైనా ఎవరూ కళ్లు మూసుకోకూడదన్నది ఆ ఇంట్లో నియమం. కళ్లు మూసుకుంటే బుల్లికి ఇక ఎవరూ ఏమీ చెప్పలేరు. చిన్నప్పుడు అలిగినా ఆమె ఆ నియమం తప్పలేదు. ఇప్పుడు కళ్లు గట్టిగా మూసుకుంది. తండ్రి చేతులు సగం మాట దగ్గర గాల్లోనే ఆగిపోయాయి.

ఆమె గదిలోకి వెళ్లిపోయాక, తల్లి సొరుగులోంచి ఎక్స్‌టెండర్ తీసి భర్త టీ కప్పు పక్కన పెట్టింది.

"అందరి చేతా చిన్న చిన్న అక్షరాలు చదివిస్తారు. దీని పెట్టె మీద రాసింది మాత్రం మీకు కనబడలేదా?"

ఆ రోజు ఆయన కొట్టు తెరవలేదు. తనతో పాటు కాపురానికి వచ్చిన బీరువాని కదపడానికి వీల్లేదని నాయనమ్మ కాసేపు భీష్మించుకుంది. కారణం చెప్పాక, తానే ఒక చెయ్యి వేసింది. టీవీ వెనక దుమ్ములో ఉన్న రౌటర్‌ని ఆయన నడవా గోడకి ఎత్తుగా బిగించి, ఎక్స్‌టెండర్‌ని సగం దారిలో పెట్టాడు. బుల్లి గది బయట నిలబడి ఫోన్లో చూసుకున్నాడు. సిగ్నల్ నిండుగా ఉంది.

ఆ గుమ్మం పక్కన ఒక స్విచ్ ఉంది. నొక్కితే లోపల దీపం వెలిగి ఆరుతుంది. తలుపు తట్టడానికి బదులుగా ఆయనే ఎప్పుడో పెట్టించాడు. పెట్టించాడన్న మాటే గానీ, ఎప్పుడూ నొక్కకుండానే లోపలికి వెళ్లేవాడు. ఇప్పుడు నొక్కి, బయటే ఆగాడు. బుల్లి తలుపు తీసింది. తప్పయిందమ్మా అని చేతులతో చెప్పి పక్కకి తప్పుకున్నాడు.

సాయంత్రం ఆమె గదిలోంచే ఫోన్ చేసింది. తలుపు మూసి ఉంది.

"ఏమంటోందిరా?" అని నాయనమ్మ అడిగింది.

"తెలీదమ్మా."

తెలీదన్న మాట ఆ ఇంట్లో కొత్తది. ఆయనకి హాలంతా బోసిపోయినట్టు అనిపించింది. పేపరు తెరిచాడు కానీ ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు.

కాసేపటికి ఎవరో పేపరుని కిందికి దించారు. ఎదురుగా బుల్లి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాన్నా, నీకో మాట చెప్పాలి."

ఆయనకి అప్పుడు తెలిసివచ్చింది. కూతురి గురించి ఆయనకి తెలిసినవన్నీ ఆయన చూసేసినవే. ఆమె తనంతట తాను వచ్చి మనసులో మాట చెప్పడం ఇదే మొదలు. ఏం చెబుతుందో ఈసారి ఆయనకి తెలియదు. కళ్లలో నీళ్లు నిండాయి. తుడుచుకోవాలంటే కళ్లజోడు తియ్యాలి, తీస్తే ఆమె మాట పోతుంది. అందుకని తుడుచుకోకుండా, ఆ చేతుల వంకే చూస్తూ కూర్చున్నాడు.