పళ్ళు నూరింది ఎవరు

మూడో గదిలో ఆ ఉదయం నాలుగో ఇంజను నడుస్తోంది. నూకరత్నం రాగి గొట్టం ఒక కొసను ఇంజనుకు, ఇంకో కొసను తన కుడి చెవికి ఆనించి కళ్ళు మూసుకుంది. గోడమీద నిర్ణేత, పరీక్షలు చేసి తీర్పు చెప్పే యంత్రం, అంకెలు చదువుతోంది. మూడు సిలిండర్లు, పన్నెండు వందల సీసీ, నూట పద్దెనిమిది హార్స్‌పవరు. టర్బో ఊపిరి సమం. గాలీ పెట్రోలూ కలిసే పాళ్ళు సమం. నిమిషానికి పదిహేను వందల చుట్ల దగ్గర్నుంచే రెండు వందల న్యూటన్ మీటర్ల లాగుడు, నిరంతరం. నమ్మిక నూటికి తొంభై తొమ్మిది పాయింట్ రెండు.

మిగిలింది ఆమె నోటి మాట ఒక్కటే. యంత్రం ఎంత పరీక్షించినా చివర్లో ఒక మనిషి చెవి పెట్టి "విన్నాను" అంటేనే నమ్మికపత్రం చెల్లుతుందని రవాణా మండలి పాత నియమం. దాన్ని తీసేయడం మరిచిపోయారు కాబట్టి నూకరత్నానికి పందొమ్మిదేళ్ళుగా ఉద్యోగం ఉంది. రోజుకు పది ఇంజన్లు, పది విన్నానులు. శృంగవరపుకోట ఇంజన్ల పరీక్షా కేంద్రంలో ఆమెను వినికిడి సాక్షి అంటారు గానీ, ఇన్నేళ్ళలో ఆమె ఏం విన్నదో అడిగినవాడు లేడు.

ఈ రోజు ఆ మాట ఆమె నోట రావడం లేదు.

అద్దం అవతల బెంచీ మీద కొర్రా బలదేవ్ కూర్చుని ఉన్నాడు. అతను ఘాటులో అంబులెన్సు నడుపుతాడు. పోయిన నెల పొద్మ అనే నిండు గర్భిణిని కొండ మధ్య ఊరి నుంచి పైన అరకు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే పన్నెండో మలుపులో బండి ఆగిపోయింది. ఇంకో బండి వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. బిడ్డ దక్కింది, పొద్మ దక్కలేదు. ఆగిపోయిన ఇంజనూ ఇప్పుడు నడుస్తున్నదీ ఒకే మోడలు, త్రినాథ. ఈ ఇంజనుకు నమ్మికపత్రం వస్తే ఆ మోడలు తప్పు లేనట్టే. ఇంజనుది కాని తప్పు చాలకుడిదే. మధ్యాహ్నం పన్నెండుకు బలదేవ్ లైసెన్సు పోతుంది, పొద్మ చావుకు కారకుడని అతని మీద కేసు నడుస్తుంది. నిర్ణేతకు మూడో దారి తెలియదు.

ఉదయం గేటు దగ్గర బలదేవ్ తన దస్త్రం ఆమెకు చూపించాడు. బండి ఆగకముందు పదకొండుసార్లు వినతిపెట్టెలో మొరపెట్టుకున్నాడు. పదకొండుసార్లూ ఒకే మాట: "ఘాటెక్కేటప్పుడు పళ్ళు నూరతంది." కొండ కింద షెడ్లలో ఆ మాట తెలియని మెకానిక్కు ఉండడు. నూనె తుంపర పెట్రోలుతో కలిసి, ప్లగ్గు మెరవకముందే అంటుకుని పిస్టను నెత్తిన మొట్టితే వచ్చే చప్పుడది. తక్కువ చుట్లలో ఎక్కువ బరువు లాగమన్నప్పుడే వస్తుంది. నిర్ణేత పదకొండుసార్లూ ఒకే జవాబు రాసింది. భావోద్వేగం, కోపం. కర్త, చాలకుడు. సలహా, రెండు నిమిషాలు దీర్ఘశ్వాస. మొరకు అయిదు చొప్పున అతని శాంతాంకాన్ని నూరు నుంచి నలభై అయిదుకు కోసేసింది.

మూడో గేరు వెయ్యలేకపోయావా అని నూకరత్నం అడిగింది. వేశానన్నాడు. మూడో గేరులో చప్పుడు ఉండదు గానీ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అందుకని బండిలో పెట్రోలు ఆదా చేసే మితగతి యంత్రం దానంతటదే నాలుగో గేరుకు లాగేసి, అతని పేరున అపవ్యయం అని రాసిందట.

అది విన్నాక నూకరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది. బండి చెడిందని చెప్పినవాణ్ణి ఊపిరి పీల్చుకోమంటారా? లక్షల పుస్తకాలు మింగిన యంత్రానికి పళ్ళు నూరడమంటే కోపమొక్కటే తెలుసు. పోనీ, తెలుగన్నా సరిగ్గా చదివిందా అంటే అదీ లేదు. అన్నిటికన్నా ఆమెను మండించిన సంగతి ఇంకొకటుంది. పన్నెండో మలుపులో చచ్చిన ఆ ఇంజనుకు నిరుడు విన్నాను అన్నది ఈ నోరే. చదును దారిలో నడిచినట్టు తేలిక పరుగులో విన్నది, గంగిరెద్దులా తల ఊపింది, ఇంటికి పోయి అన్నం తిన్నది.

కేంద్రం అధికారి సన్యాసిరావు తలుపు తీసుకుని వచ్చాడు. ఆలస్యమెందుకని అడిగాడు. పరీక్ష ఘాటెక్కే బరువు పెట్టి, ఘాటు పరుగులో చెయ్యాలని ఆమె అంది. అలాంటి పరుగు నిర్ణేత పట్టికలో లేదన్నాడు. చెడ్డవాడు కాడు, అలసిపోయినవాడు.

"రత్నమ్మా, నువ్వొక్క మాటంటే ఈ ఇంజనున్న నలభై అంబులెన్సులు సాయంత్రానికి కొండెక్కుతాయి. బళ్ళు లేక అక్కడ మనుషులు పోతన్నారు."

"బండి ఉండీ పోయిందానికి ఏటి సెప్తారు బాబూ?"

నూకరత్నం గొట్టం పక్కన పెట్టి, ఇంజనుతో వచ్చిన కాగితం మీద నిరంతరం అన్న మాట కింద గోరుతో గీత గీసింది. ఇంజను కట్టినవాళ్ళు రాసిందే అడుగుతానని, ఒక్క చుట్టు తక్కువా అడగను, ఎక్కువా అడగనని చెప్పింది. సీలు తెంపి, ఇంజను మీద బరువు పెంచే చక్రాన్ని చేత్తో తిప్పింది. నాలుగో గేరు, పదిహేను వందల చుట్లు, రెండు వందల లాగుడు. కొండ దారి గదిలోకి వచ్చింది.

ఆరు నిమిషాలు ఏమీ లేదు. ఏడో నిమిషంలో ఒక్క టక్. సన్యాసిరావు తలెత్తాడు. తొమ్మిదిలో మూడు, వెంటవెంటనే. పదకొండో నిమిషంలో ఇనుము ఇనుమును కొరికిన చప్పుడొచ్చి ఇంజను గడగడ వణికింది, నీలం పొగ కక్కి ఆగిపోయింది.

నిర్ణేత గొంతు ఎప్పటిలా చల్లగా పలికింది. "శబ్ద వర్గం తెలపండి."

"పళ్ళు నూరింది," అంది నూకరత్నం.

"భావోద్వేగం, కోపం. కర్త, సాక్షి. మీ శాంతాంకం..."

"ఆగు. బలదేవ్ మగోడా, ఆడదా?"

"పురుషుడు."

"మగోడు పళ్ళు నూరితే తెలుగులో ఏటంటారు?"

"నూరుతున్నాడు."

"మరి నూరతంది అని ఆ మగోడి మీద పదకొండుసార్లు ఎలా రాసినావు? నూరింది ఎవులు?"

తెర మీద అంకెలు నిలిచిపోయాయి. కర్త గడి ఖాళీ అయింది. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి నిర్ణేత తనకు తెలియనిది ఆమెను అడిగింది. "కర్తను తెలపండి."

"ఇంజను."

బలదేవ్ మొరలు పదకొండూ ఒక్కొక్కటే తిరగరాసుకున్నాయి. అక్కడితో ఆగలేదు. పాడేరు ఘాటు మొరలు వచ్చాయి, మారేడుమిల్లివి వచ్చాయి. ప్రతి మొర వెనకా ఒక చాలకుడు, కోతపడిన శాంతాంకం, కొన్నిటి వెనక శవం. అద్దం అవతల బలదేవ్ లేచి నిలబడి చదువుతున్నాడు. అతని పెదాలు కదులుతున్నాయి.

ఆ వరస చివర, ఈ రోజు చప్పుడు దగ్గర నిర్ణేత మళ్ళీ ఆగింది. సాక్షి స్త్రీ కనుక నూరింది అన్న మాట ఇద్దరికీ సరిపోతుందని, కర్త ఇంజనా, సాక్షా తేల్చమని అడిగింది. ఇంజను అనెయ్యమ్మా అని సన్యాసిరావు చేత్తో సైగ చేశాడు. కోపిష్టి సాక్షికి ఈ ఉద్యోగం ఉండదు.

నూకరత్నం చెదిరిపోతున్న పొగను చూసింది.

"ఇద్దరం," అంది. "ఇంజను నూరింది. నేనూ నూరినాను. ఇద్దర్నీ రాయి."

కర్త గడిలో ఒక్కరికే చోటు. నిర్ణేత మూగబోయింది. నిర్ణేత పలకనంతసేపు కేంద్రం అధికారి మాట చెల్లుతుంది. సన్యాసిరావు నలభై బళ్ళలోనూ మితగతి పీకేసి మూడో గేరులో కొండెక్కించమని ఫోన్లో చెప్పాడు. ఆ రెండు పేర్లనూ ఒక్క గడిలో పట్టించలేక నిర్ణేత సాయంత్రం దాకా పెనుగులాడుతూనే ఉంది. అందాకా ఏ ఘాటులోనూ ఎవరి లైసెన్సూ తెగలేదు.