సఖ్యం మాత్ర

కంప్యూటర్ తెర మీద, కోదండపాణి కొత్త గుండె రక్తనాళంలో ఒక తెల్లకణం ఆగింది. నాళం గోడను తడిమింది. ఏమీ అనకుండా ముందుకు సాగిపోయింది. డాక్టర్ రజియా కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది.

అది 2061, బెజవాడ. గుండె మార్చడం అప్పటికి పాత విద్యే. చిక్కంతా ఆ తర్వాతే. ఒంట్లోని కాపలా కణాలు కొత్త గుండె నాళాలను "నువ్వు మనవాడివి కాదు" అని ఏళ్ళ తరబడి పీడిస్తాయి. గోడలు మందమెక్కి, దారి ఇరుకై, చివరికి గుండె ఆగుతుంది. రజియా కనిపెట్టిన సఖ్యం మాత్ర ఆ కణాలను చంపదు, నిద్రపుచ్చదు. ఎవరు నువ్వని అడిగే అలవాటు మాన్పిస్తుంది, అంతే.

అయితే మందు ఓ పిసరు మెదడుకూ ఎక్కుతోంది. ఆ సంగతి కార్తీక వనభోజనాల్లో బయటపడింది. కోదండపాణి ఇరవై ఏళ్ళుగా తన కుల సంఘానికి అధ్యక్షుడు. తోట గేటు దగ్గర నిలబడి, కొత్త ముఖం కనబడితే "మీరేమిట్లు?" అని కులం ఆరా తీయడం ఆయన పని. ఈసారి నోరు తెరిచాడు, ప్రశ్న రాలేదు. "రండి రండి, ఆకులు వేశారు" అన్నాడు. దారినపోయేవాళ్ళు మూడొందల మంది భోంచేశారు. సంఘంవాళ్ళకు పనసపొట్టు కూర మిగల్లేదు. ఆదివారం సమావేశానికి మామూలు మనిషై రాకపోతే పదవి ఊడుతుందని సంఘం నోటీసు ఇచ్చింది.

"వారం రోజులు మందు ఆపుతానమ్మా" అని బతిమాలాడు కోదండపాణి.

"ఆపితే నాళాలు మూసుకుపోతాయి. మళ్ళీ తెరుచుకోవు" అంది రజియా. "ఎన్ని ఉద్యమాలకూ లొంగని కులం ఒక్క మాత్రకు లొంగింది. సంతోషించరేం?"

"మీకేం, ఎన్నయినా చెబుతారు. ఆ కుర్చీ లేకపోతే నన్నెవడు పలకరిస్తాడు?"

భార్య హైమావతి మాత్ర, మంచినీళ్ళు అందించింది. "మింగండి. వాళ్ళు పలకరించకపోతే నేను పలకరిస్తాలెండి. దండ వేసిన ఫొటోతో కబుర్లు చెప్పడం నావల్ల కాదు."

మింగాడు. పదవి పోయింది.

ఐదేళ్ళలో సఖ్యం వాడేవాళ్ళు ముప్పై వేలయ్యారు. వాళ్ళలో ఒక్కరూ ఎవరినీ కులం అడగలేదు. విప్లవం సీసాలో వచ్చిందని రజియా పత్రికల్లో వ్యాసాలు రాసింది. తమ్ముడికి సంబంధం చూడాల్సి వచ్చినప్పుడు, ఇంకెక్కడికీ పోకుండా సఖ్యం వాడకందార్ల సంఘానికే వెళ్ళింది. అధ్యక్షుడి కుర్చీలో కోదండపాణి! మనిషి నిగనిగలాడుతున్నాడు.

"కూర్చోండమ్మా. మీ ఇంట్లో ఎన్ని మిల్లీగ్రాములు?"

"మా ఇంట్లో ఎవరికీ గుండె మార్చలేదండీ. మాత్ర వేసుకోం."

కోదండపాణి ఇబ్బందిగా కదిలాడు. "మందు కనిపెట్టిన తల్లి మీరు, దండం పెడతాం. సంబంధం మాట వేరు. మా నలభై మిల్లీగ్రాములవాళ్ళం ఇరవైవాళ్ళకే పిల్లనివ్వం. అసలు మాత్రే లేనివాళ్ళకు అంటే... రేపు నలుగురిలో తలెత్తుకోవద్దూ?"