పై రింగు చెప్పిన సాక్ష్యం

"మా ఆయన్ని నిన్న స్టేషన్‌లో పడేశారక్కా! ఇంజన్ ఆయిల్లో ఇసుక పోశాడట. దెబ్బలకి ఓర్చుకోలేక, సాయంత్రానికల్లా ఒప్పేసుకుంటానంటున్నాడు."

ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు భార్య గుమ్మంలోనే కూలబడిపోయింది. వీధంతా పెద్దక్క అని పిలిచే డిటెక్టివ్ స్టవ్ కట్టేసి చెప్పులు వేసుకుంది. ఆవిడ వెనకే తోడికోడలు. పెద్దక్క తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే సహాయకురాలు.

గోడౌన్ షెడ్డులో మెకానిక్ ఫోర్క్‌లిఫ్ట్ ఇంజన్ విప్పి పరిచాడు.

"అందరి ముందూ తిట్టానని కసి తీర్చుకున్నాడు!" గోడౌన్ యజమాని మండిపడ్డాడు.

పెద్దక్క పిస్టన్ అందుకుంది. నిలువునా సన్నటి గీతలు. దాని చుట్టూ ఉన్న రింగుల్లో పై రింగు అరిగి రేకులా ఉంది. కింది రింగులు కాస్త నయం.

"ఆయిల్ లేక పట్టేసిందేమో అక్కా?" తోడికోడలు గుసగుసలాడింది.

"పట్టేస్తే లోహం కరిగి పూసుకుపోతుందే. ఇది గీరుకుపోయింది." పెద్దక్క మెకానిక్ వైపు తిరిగింది. "బేరింగులు?"

"అద్దంలా ఉన్నాయండీ."

డ్రైవరు భార్య గోడ మీద వాలుతున్న ఎండనే చూస్తోంది.

పెద్దక్క గాలి ఫిల్టరు పైకెత్తింది. "ఎంత శుభ్రం! మా ఇంట్లో దిండు గలీబులు కూడా ఇంత తెల్లగా ఉండవు. డ్రైవరు పనేనా?"

"వాడి మొహం!" యజమాని ఛాతీ విరిచాడు. "వారం వారం నేనే గాలి కొడతాను. టైర్లకి గాలి కొట్టే గొట్టం ఫుల్లుగా తిప్పి, ఫిల్టరు కాగితానికి ఆనించి మరీ!"

"అలాగా? అయితే అందర్నీ పిలవండి."

మెకానిక్, వాచ్‌మన్, గుమాస్తా చుట్టూ చేరారు. పెద్దక్క ఫిల్టరు లోపలికి వెలుగుతున్న బల్బు దించింది. మడతల్లోంచి వెలుతురు చారలు చారలుగా బయటికొచ్చింది.

"ఆయిల్లో ఇసుక పడితే ముందు పాడయ్యేవి బేరింగులు. అవి నిక్షేపంలా ఉన్నాయి. అరిగింది పై రింగు. అంటే దుమ్ము పైనుంచి, పీల్చే గాలితో వచ్చింది. మీ గొట్టం దెబ్బకి కాగితం చిరిగిందండీ. ఇంజన్‌కి దుమ్ము తినిపించింది డ్రైవరు కాదు, తమరి శుభ్రత!"

తోడికోడలు చప్పట్లు కొట్టబోయి, డ్రైవరు భార్య మొహం చూసి ఆగిపోయింది.

యజమాని గొంతు సవరించుకుని ఫోన్ తీశాడు. "కేసు వద్దని చెప్పేస్తాలే."

డ్రైవరు భార్య ఆ ఫోన్ మీద చెయ్యి వేసింది. "పదిమందీ చూస్తుండగా పట్టించారు. మీరే వచ్చి, పదిమందీ చూస్తుండగా విడిపించండి."

"వస్తానమ్మా, భోంచేసి..."

"ఆయన నిన్నటి నుంచీ తినలేదు."

యజమాని చెప్పుల కోసం వెతుక్కున్నాడు. అవి ఎక్కడున్నాయో ఎవరూ చెప్పలేదు. చివరికి ఒట్టికాళ్ళతోనే ఆవిడ వెంట నడిచాడు.