బ్లాక్ ఇచ్చినట్టా, చేసినట్టా?

ఆ ఆదివారం ఇంట్లో ఐదుగురున్నారు. వసారాలో కూర్చుని సైకిల్ ట్యూబుకి పంక్చర్ అతికిస్తున్న నాన్న. వంటింట్లో గిన్నెలు తోముతూ, అవసరమైన దానికంటే కాస్త గట్టిగానే చప్పుడు చేస్తున్న అమ్మ. చెవులు వినపడవని అందర్నీ నమ్మించి అన్నీ వినే నానమ్మ. రెండు రోజులుండి పోదామని వచ్చి, లైను మీద పనులు జరుగుతున్నాయి, రైళ్ళు లేవన్న వంకతో ముప్పై ఎనిమిది రోజులుగా తిష్ఠ వేసిన బాబాయి. ఐదోది ఆమె.

ఆ రైళ్ళకి బదులుగా బస్సులు నడిపిస్తున్నది ఆమే. రోజుకి పద్దెనిమిది ట్రిప్పులు. వాటిలో ఒక్కదాంట్లో కూడా బాబాయి ఎక్కలేదు.

"బస్సు నాకు పడదమ్మా. కడుపులో తిప్పుతుంది" అనేవాడు, రెండోసారి వడ్డించుకుంటూ.

ఆమె మంచం మీద బోర్లా పడుకుంది. దిండు కింద ఫోను, దిండు మీద తల. ఆ ఫోను గురించి ఆలోచించకూడదని పొద్దుటి నుంచీ ఆలోచిస్తోంది.

దీనంతటికీ కారణం 'కంకర'.

కంకరంటే రాయి అనుకునేరు, మనిషే. పట్టాలు మార్చే పని చూస్తున్న కుర్ర ఇంజినీరు. మొదటి రోజే ఆమె అతనికి ఆ పేరు పెట్టేసింది.

ఆ రోజు ఆరు బస్సుల్ని వెంటేసుకుని స్టేషన్ ముందుకి వచ్చేసరికి, బస్సులు ఆగాల్సిన చోట ఒక కొండ ఉంది. కంకర కొండ. దాని మీద నారింజ రంగు కోటు వేసుకుని ఒకడు టీ తాగుతున్నాడు.

"ఏమండీ, ఈ కొండ ఎవరిది?"

"నాదేనండీ."

"అయితే తీసుకెళ్ళండి."

అతను కొండని చూశాడు. తన జేబులు చూసుకున్నాడు. "పట్టదండీ."

వెనక డ్రైవర్లు కిసుక్కున నవ్వారు. ఆమెకి ఒళ్ళు మండింది. మామూలుగా నలుగురిలో నోరు విప్పని పిల్ల. ఉద్యోగంలో చేరి వారమే అయింది. అయినా చేతిలో కాగితం ఉంది కదా అన్న ధైర్యం.

"బస్సులు ఇక్కడే ఆగాలని రాసుంది, చూడండి."

"కంకర ఇక్కడే దింపాలని కూడా రాసుందండీ. కింది లైను చదవండి. రాసినవాడు ఫ్యాను కింద కూర్చుని రాశాడు. మనం ఎండలో నిలబడి చదువుకుంటున్నాం."

"మనం అనకండి. మీరు వేరు, నేను వేరు."

"సరే. మీరు ఎండలో, నేను కొండ మీద."

ఆ కొండ అవతలి వైపు నాన్న నడిపే సైకిల్ స్టాండు గేటుని కూడా మింగేసింది. ఆ సాయంత్రం తండ్రీకూతుళ్ళు పక్కపక్కన కూర్చుని కంకరని తనివితీరా తిట్టుకున్నారు. ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం ఈ మధ్యకాలంలో అదే మొదలు.

పని ఇలా జరిగేది. పదీ పదికి వచ్చే రైలు వాళ్ళ స్టేషన్లోనే ఆగిపోతుంది. జనం దిగి, ఆమె బస్సులెక్కి, అవతలి స్టేషన్‌కి వెళ్ళి అక్కణ్ణుంచి ఇంకో రైలెక్కుతారు. చివరి బస్సు కదలగానే ఆమె అతనికి ఫోన్ చేసి 'ఖాళీ' అని చెప్పాలి. అప్పుడు స్టేషన్ మాస్టర్ అతనికి బ్లాక్ ఇస్తాడు. బ్లాకంటే, రెండున్నర దాకా ఆ లైను మీదకి ఏ రైలూ రాదని హామీ. ఆ నాలుగు గంటల్లో అతని గ్యాంగ్ పాత పట్టాలు పీకి, కింద స్లీపర్లనే కొత్త సిమెంటు దిమ్మెలు పరిచి, కొత్త పట్టాలు బిగించి, కంకర నింపాలి. రెండున్నర దాటిందంటే తర్వాతి రైలు అవతలే ఆగిపోతుంది. దానికోసం ఇక్కడ కాచుకున్న జనం వచ్చి ఆమె మీద పడతారు.

"మొత్తం ఎనిమిది వేల స్లీపర్లు మార్చాలట నానమ్మా."

"ఎనిమిది వేల చెప్పులా! ఎన్ని కాళ్ళే వాళ్ళకి?"

అతను పదింపావు నుంచే ఫోన్ మొదలుపెట్టేవాడు.

"మేడమ్, ఖాళీయా?"

"ఇంకా ముప్పై మంది ఉన్నారు."

రెండు నిమిషాలకి మళ్ళీ. "మేడమ్?"

"ఒక ముసలాయన గొడుగు మర్చిపోయి వెనక్కొచ్చాడు."

"గొడుగు నేను ఇంటికి పంపిస్తానని చెప్పండి."

"అంత తొందరైతే మీరే వచ్చి మోసుకెళ్ళండి."

"గొడుగునా, ముసలాయన్నా?"

ఆమె నవ్వలేదు. ఫోన్ పెట్టేశాక నవ్వింది.

రెండో వారానికి స్టేషన్ ఖాళీ అయినా ఫోను ఖాళీ అయ్యేది కాదు.

పందొమ్మిదో రోజు వాన పడింది. వానకి కాగితం చూపించే నాథుడు లేడుగా, సరిగ్గా బ్లాక్ మధ్యలో వచ్చింది. అక్కడ క్రేను బురదలో కూరుకుపోయింది. పట్టా సగం పైన, సగం కింద. రెండున్నరైంది, మూడయింది. ఇక్కడ నాలుగు వందల మంది.

"ఎవడమ్మా ఈ పని చేసేవాడు? వాణ్ణి పిలు!"

ఆమె పిలవలేదు. ఒక బల్లెక్కి నిలబడి, తిట్లన్నీ తానే తిని, తిండి కూడా తినని డ్రైవర్లని బతిమాలి, ఆరు బస్సుల్నీ మరో ట్రిప్పు పంపించింది.

నాలుగింటికి అతను వచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో. ఆమె ఇంకా వానలో నిలబడి చివరి బస్సులోవాళ్ళని లెక్కపెడుతోంది. అతను ఒక పెద్ద ప్లాస్టిక్ పట్టా తెచ్చి ఆమె తల మీద పట్టుకున్నాడు.

"ఇది సిమెంటు బస్తాల మీద కప్పేది కదూ?"

"అవునండీ. తడిస్తే గట్టిపడిపోతాయి."

"నేను బస్తానా?"

"మీరు తడవకముందే గట్టి."

రోజూ పట్టాలు వేసేవాడు, ఆ రోజు పట్టా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చివరి బస్సు కదిలాక అడిగాడు. "నా పేరెందుకు చెప్పలేదు?"

"చెబితే తన్నేవాళ్ళు. మరి రేపు బ్లాక్ ఎవరు తీసుకుంటారు?"

ఆ మాట అన్నాక ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అతను చూశాడు. చూడనట్టు వాన వైపు తిరిగాడు. వానకే సిగ్గేసినట్టుంది, తగ్గింది.

శనివారంతో ఆఖరి బ్లాక్ అయిపోయింది. ఆదివారం నాలుగింటికి పనిముట్లనీ, గ్యాంగ్‌నీ, అతన్నీ ఎక్కించుకుని వాళ్ళ బండి మూడు వందల కిలోమీటర్ల అవతలి లైనుకి వెళ్ళిపోతుందని అందరికీ తెలుసు. పోయేలోపు అతని నోటి నుంచి ఒక మాట వస్తుందేమోనని ఆమె చూసింది. వచ్చింది, మెసేజ్ రూపంలో.

"రేపటి నుంచి మీకు ఫోన్ చేయాల్సిన పని లేదు."

నిలబడి చదివింది. కూర్చుని చదివింది. మొహం కడుక్కొచ్చి చదివింది. ఎలా చదివినా అదే ఉంది. టపీమని అతన్ని బ్లాక్ చేసేసింది.

ఇదిగో, ఇప్పుడు ఆదివారం. మధ్యాహ్నం రెండవుతుండగా ఎవరో తలుపు కొట్టారు. బాబాయి తీశాడు. గుమ్మంలో కంకర. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు కానీ చెమటకి ఇస్త్రీ ఎప్పుడో పోయింది.

"ఎవరు కావాలి బాబూ?"

దారంతా బట్టీపట్టిన మాటలన్నీ అతని నోట్లోంచి ఎగిరిపోయాయి.

"మీ అమ్మాయి బ్లాక్ ఇచ్చిందండీ. అందుకే వచ్చాను."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. గదిలోంచి ఆమె పరుగెత్తుకొచ్చింది. "ఇవ్వలేదు! చేశాను!"

బాబాయి ఇద్దర్నీ మార్చిమార్చి చూశాడు. "ఇంతకీ ఇచ్చినట్టా, చేసినట్టా?"

"అసలు బ్లాకంటే ఏమిట్రా అబ్బాయ్?" అంది చెవులు వినపడని నానమ్మ.

"మా పనిలో బ్లాక్ ఇచ్చారంటే నానమ్మగారూ, ఇంకే బండీ ఇటు రాదు, లైను నీకోసమే ఖాళీగా ఉంచాం, వచ్చి పని చూసుకో అని."

"ఫోన్లో బ్లాకంటే రావద్దని!" అంది ఆమె.

"నాకు ఫోను భాష సరిగా రాదండీ. రైలు భాషే వచ్చు."

"ఓహో. పట్టాలు వెయ్యరా అని పంపిస్తే, మా పిల్లకి లైనేశావన్నమాట" అని తేల్చింది నానమ్మ.

నాన్న ట్యూబు పక్కన పెట్టి లేచాడు. "నా గేటు ముందు కొండ పోసింది నువ్వేనా?"

"ఇప్పుడు లేదండీ. మొత్తం పట్టాల కిందకి వెళ్ళిపోయింది."

"ఇప్పుడు లేదు సరే. అన్నాళ్ళూ నా స్టాండు గేటులోంచి సైకిలన్నది రాలేదు!"

"అందుకే మా గ్యాంగ్ సైకిళ్ళన్నీ మీ స్టాండులోనే పెట్టించానండీ, గోడ మీంచి అందించి."

"అవి మీవా? ఎవరో దొంగసొత్తు దాస్తున్నారని పోలీసులకి చెప్పొచ్చానయ్యా!"

ఆమెకి ఇవేవీ ఎక్కడంలేదు. "ఫోన్ చేయాల్సిన పని లేదన్నారుగా" అంది, నేలని చూస్తూ.

అతను ఫోను తీసి ముందుకి చాపాడు. ఆ మెసేజ్ కింద ఇంకొకటి ఉంది. "నేనే ఇంటికొస్తాను. మీవాళ్ళతో మాట్లాడాలి." దాని పక్కన ఒంటరిగా ఒకే ఒక్క టిక్కు.

"ఒక్క మాటకి రెండు ముక్కలెందుకయ్యా?" అన్నాడు బాబాయి.

"రాస్తూ ఉన్నానండీ. సగంలోనే వేలు తగిలి వెళ్ళిపోయింది. మిగతా సగం కొట్టి చెరిపి, కొట్టి చెరిపి పంపేలోపు మీ అమ్మాయి గేటు వేసేశారు."

అంతే, అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు.

"దానికి ఇంకా అలాంటి ఉద్దేశాలేం లేవు" అన్నాడు నాన్న.

"లేకపోవడమేమిటి, ఆ చెవులు చూడు" అన్నాడు బాబాయి.

"దానికి ఏం కావాలో దానికే తెలీదు, చిన్నప్పట్నుంచీ అంతే" అంది నానమ్మ.

అతను గోడ గడియారం వైపు చూశాడు. రెండూ ఇరవై. "నాలుగింటికి మా బండి" అన్నాడు మెల్లగా. చెప్పులేసుకోవడానికి గుమ్మం వైపు తిరిగాడు.

నాలుగు వందల మంది మీద పడ్డ రోజు కూడా ఆమెకి ఇంత భయం వేయలేదు. వాళ్ళెవరూ సొంతవాళ్ళు కాదు.

"అక్కడ బస్సులెవరు చూస్తారు?" అని అడిగేసింది.

అతను ఆగాడు. "ఎవరూ లేరు. మనిషి కోసం వెతుకుతున్నారు."

"నేనొస్తే?"

"ఏయ్" అన్నాడు నాన్న. "ఉద్యోగం కోసమా, వీడి కోసమా?"

"ఉద్యోగం కోసమైతే ఆఫీసులో అడిగేదాన్ని నాన్నా" అంది. ఇంకా నేలనే చూస్తోంది. అయినా ప్రతి మాటా వినబడింది. "ఇతని కోసం కాబట్టి మీ ముందు అడుగుతున్నాను."

బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. "నువ్వు పోతే నేనెలాగే ఊరెళ్ళేది?"

"రైళ్ళు నడుస్తున్నాయి బాబాయ్, పొద్దున్నుంచి."

"మూడు వందల కిలోమీటర్లు" అన్నాడు నాన్న తనలో తను.

"రైలుందిగా అండీ."

"నువ్వు చెయ్యి పెట్టినచోట ఉండదుగా!" నాన్న అతని చుట్టూ ఒక చుట్టు తిరిగాడు, సెకండ్ హ్యాండ్ సైకిల్ని చూసినట్టు. "కొత్త పట్టాలన్నావు. మరి పొద్దున బండి నత్తలా పోయిందేం?"

"కొత్తవి కాబట్టేనండీ. మొదట్లో ఇరవై స్పీడు దాటకూడదు. కంకర సర్దుకోవాలి. తొందరపడితే మొత్తం పోతుంది."

నాన్న మళ్ళీ కూర్చుని ట్యూబు చేతిలోకి తీసుకున్నాడు. "అదీ మాట. ఇరవై దాటకూడదు. ఇద్దరూ."

ఇంక చూడండి. ఎక్కడుంటావే అని బాబాయి, ఆ చెప్పుల సంగతేమిటని నానమ్మ, ఆ సైకిళ్ళు ఎప్పుడు తీసుకెళ్తారని నాన్న. వాళ్ళిద్దరూ మాత్రం ఒకళ్ళనొకళ్ళు చూసుకోను కూడా వీలుకాక చెరో మూలా నిలబడ్డారు.

అమ్మ వంటింట్లోంచి తడి చేతులతోనే వచ్చింది. అతని చెప్పులు తీసి మెట్ల మీద పెట్టింది, అతను వాటి వెనకాలే వెళ్ళాడు. తర్వాత కూతురి భుజం పట్టుకుని గుమ్మం దాటించింది.

"అమ్మా, ఏంటిది?"

"నువ్వొక్క మాట అనేలోపు ఈ ఇంట్లో పది మాటలు వస్తాయి. అవతలికెళ్ళి మాట్లాడుకోండి."

"జుట్టు కూడా దువ్వుకోలేదమ్మా..."

"నాలుగింటి దాకా తియ్యను" అని అమ్మ ఆమె ముఖం మీదే తలుపు వేసేసింది.